కదలని చారలు

"అక్కా, మీరు రిపోర్టు చూసుకోండి. మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. కట్టే పని మేం చూసుకుంటాం."

మా ప్రాజెక్టు బ్యాచికి లీడరు అన్న మొదటి మాట ఇది. వాడు ఆ మాట అంటున్నప్పుడు నేను ల్యాబులో అందరూ తాగి వదిలేసిన టీ గ్లాసులు ఒక పక్కకి చేరుస్తున్నాను. చేర్చమని ఎవరూ అడగలేదు. కాగితాలు పరుచుకోవాలంటే బల్ల మీద గ్లాసులు తియ్యాలి, తీసేది నేను, అంతే. ఇంట్లో అలవాటైన చేతులు కాలేజీకి వచ్చాక మాత్రం ఊరుకుంటాయా? బ్యాచి అంటే ముగ్గురం. లీడరుని ఎవరూ ఎన్నుకోలేదు. మొదటి రోజు బోర్డు దగ్గర చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాడు కాబట్టి లీడరయ్యాడు. చెడ్డవాడేం కాదు, మంచి మాటకారి, నవ్వుతూ అడుగుతాడు, ఎదుటివాళ్ళు నవ్వుతూ ఒప్పేసుకుంటారు. రెండోది ఎప్పుడూ ఏదో గొణుక్కుంటూ గబగబా నడిచే సన్నటి అమ్మాయి, క్లాసంతా పిచ్చుక అంటారు. దానికి స్లైడ్లు తయారుచేసే పని అప్పజెప్పాడు. మూడోదాన్ని నేను, క్లాసులో అందరికంటే పదిహేనేళ్ళు పెద్దదాన్ని.

కట్టే పని 'మేం' చూసుకుంటాం అన్నావు, నన్నూ పిచ్చుకనీ తీసేస్తే ఆ 'మేం' లో ఇంకెవరున్నార్రా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. "సరేలే" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో నాకే ఆశ్చర్యం. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో పెళ్ళయి, రెండో ఏడాది మొదలవ్వకుండానే పాప కడుపులో పడ్డప్పుడు "చదువు ఎక్కడికీ పారిపోదులే, తర్వాత చదువుకుందువుగాని" అని మా ఆయన అంటే సరేలే అన్నాను. ఆ 'తర్వాత' రావడానికి పాప ఏడో క్లాసుకి రావాల్సొచ్చింది. మళ్ళీ చేరతానన్నప్పుడు ఆయన నవ్వి "ఈ వయసులో నీకిదొక కాలక్షేపమా?" అన్నారు. అత్తయ్య అయితే తల కూడా ఎత్తకుండా "వంటయ్యాక ఎక్కడికి పోయినా నాకు అభ్యంతరం లేదు" అంది. దానికీ సరేలే అన్నాను. అందరి టిఫిన్ డబ్బాలూ సర్ది, మెట్ల మీద జడ వేసుకుని పరుగున బస్సెక్కి వచ్చే ఆడదాన్ని చూసి గైడు సారు మొదటివారమే అన్నారు, "మీలాంటివాళ్ళు థియరీ టాపిక్ తీసుకుంటే హాయమ్మా. ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు." ఆయన దయగానే అన్నారు. ఆ దయకి నాకు ఒళ్ళు మండింది. ప్రాక్టికల్ ప్రాజెక్టే కావాలని పట్టుబట్టి ఈ బ్యాచిలో పడ్డాను.

మా ప్రాజెక్టు ఇంటర్‌ఫెరోమీటరు. పేరు నోరు తిరగదు గానీ విషయం చాలా అందమైనది. ఒకే వెలుగుని రెండుగా చీల్చి, రెండు దారుల్లో పంపి, రెండు అద్దాల మీంచి వెనక్కి రప్పించి మళ్ళీ కలిపితే గోడ మీద చీకటీ వెలుగూ చారలు చారలుగా పడతాయి. ఆ రెండు దారుల్లో ఏ ఒక్కటి వెంట్రుకలో ఎన్నో వంతు మారినా సరే, చారలు కదిలి చెప్పేస్తాయి. మా కాలేజీలో ఒక ఖరీదైనది ఉంది, అద్దాల బీరువాలో, తాళం వేసి. దాన్ని ముట్టుకున్నవాళ్ళని నేను చూడలేదు. అందుకే పిల్లలు సొంతంగా చేసుకోగలిగేది, తక్కువలో అయిపోయేది ఒకటి కట్టాలన్నది ప్రాజెక్టు.

లీడరు చూసుకుంటానన్నాడు కదా, చూస్తూనే ఉన్నాడు. "పార్టులు ఆర్డర్ పెట్టాలక్కా" అన్నాడు ఒక వారం. "ఆన్‌లైన్లో కిట్టు దొరుకుతుందట, తెప్పించి స్టిక్కర్లు పీకేస్తే సరిపోతుంది" అన్నాడు తర్వాతి వారం. ఆ మాట విన్నాక బస్సులో ఇంటికొస్తుంటే నాలో ఏదో అడ్డం తిరిగింది. ఇన్నేళ్ళు ఆగి నేను వచ్చింది స్టిక్కర్లు పీకడానికా? పక్క సీట్లో పిచ్చుక గొణుక్కుంటోంది. చెవి పెట్టి విన్నాను. "ఫోటోకాపీ మెషిన్లో అద్దాలు ఉంటాయి, ముందు వైపే పూత ఉంటుంది, వాటినెందుకు వాడకూడదు" అని తనలో తనే వాదించుకుంటోంది. వాళ్ళమ్మకి ఫోటోకాపీ షాపుందట. మూలన పడేసిన పాత మెషిన్లు రెండు ఉన్నాయట.

"ఆ మాట లీడరుకి చెప్పావా?"

"చెప్పానక్కా. నువ్వు స్లైడ్లు చూసుకో అన్నాడు."

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆ ఆదివారమే పిచ్చుక మా ఇంటికి వచ్చింది, దుపట్టాలో అద్దాలు చుట్టుకుని.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. వంటగది గట్టులో సింకు కోసం కోసి తీసేసిన గ్రానైట్ ముక్క ఒకటి పెరట్లో పడుంది, దానిమీద బట్టలుతికేదాన్ని. దాన్ని రుద్ది కడిగి లోపలికి తెచ్చాను. దాని కింద సగం గాలి కొట్టిన స్కూటర్ ట్యూబు పెట్టాం, నేల అదురు పైకి ఎక్కకుండా. పాడైన డీవీడీ ప్లేయర్లోంచి, సగం వెలుగుని పోనిచ్చి సగాన్ని పక్కకి తిప్పే గాజు బిళ్ళ దొరికింది. అద్దాల్ని ఇటూ అటూ వంచడానికి చెక్కముక్కలకి మూడేసి మరలు, వాటి వెనక బాల్‌పెన్నుల స్ప్రింగులు. పాప పెన్నులన్నీ మాయమైపోయి స్కూల్లో తిట్లు తింది. వెలుగు చుక్కని గోడంత చెయ్యడానికి తలుపుకి బిగించే బుల్లి కన్ను ఊడదీశాను. "ఇప్పుడు బయట ఎవరొచ్చారో ఎలా తెలుస్తుందే?" అంది అత్తయ్య. "తలుపు తీసి చూద్దాం అత్తయ్యా" అన్నాను.

వంటగది గట్టు మీద, పొయ్యి చల్లారాక, అదే మా ల్యాబు. కూరగాయల తొక్కు ఎత్తేసి, తడి తుడిచి, రాయి ఎక్కించి, బొమ్మల షాపులో కొన్న ఎర్ర లేజర్ వెలిగించేవాళ్ళం. అద్దాల మీంచి వచ్చిన రెండు ఎర్రచుక్కలు గోడ మీద ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. మర కొంచెం తిప్పితే ఒకటి పారిపోతుంది, ఇంకొంచెం తిప్పితే రెండోది అలుగుతుంది. చివరికి రెండూ ఒక్కటైనా చారలు మాత్రం రాలేదు. రోజులకి రోజులు రాలేదు. పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం విచిత్రంగా కోపమూ రాలేదు, నిరాశా రాలేదు. ఇంట్లో నేను చేసే ఏ పనికీ 'ఇంకా కాలేదు' అనే అవకాశం ఉండదు. వంట కావాల్సిందే, బట్టలు ఆరాల్సిందే, అవి ఎలా అయ్యాయో ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ ఒక పని కావట్లేదు, ఎందుకు కావట్లేదో ఆలోచించడమే పని. నా బుర్రకి ఎవరో చాలా ఏళ్ళ తర్వాత భోజనం పెట్టినట్టుంది. ఒకరోజు గిన్నెలు తోముతుంటే తట్టింది. మనది చవక లేజర్, రెండు దారులూ సరిసమానంగా లేకపోతే దాని వెలుగు మళ్ళీ కలవలేదు. చేతులు తుడుచుకుని దారం తెచ్చి రెండు దారులూ కొలిచాను. ఒకటి రెండోదాని కంటే రెండు వేళ్ళు పొడుగు. అద్దాన్ని ముందుకి జరిపి, మరలు మళ్ళీ మొదట్నుంచి తిప్పుకుంటూ వచ్చాను.

గోడ మీద చారలు పడ్డాయి. వంటింటి పలకల మీద, నూనె మరక పక్కన, సన్నగా, ఎర్రగా, ఒకటి చీకటి ఒకటి వెలుగు. పిచ్చుకకి ఫోన్ చేస్తే నాకు మాట రాలేదు. "వచ్చాయా అక్కా? వచ్చాయా?" అని అదే అరిచింది.

వచ్చాయి గానీ నిలబడవే! ఫ్రిజ్ మోటారు మొదలైతే చారలు వణుకుతాయి. అత్తయ్య హాల్లో నడిస్తే ఊగుతాయి. పాప మెట్లు దిగితే చెదిరిపోతాయి. వంటగది కింద నేల బోలు. ఇంట్లో గట్టి నేల ఉన్న గది ఒక్కటే, వీధి వైపు మా ఆయన బీమా ఏజెంటుగా కూర్చునే గది. ఒక మూలగా, తలుపు వేసుకునేలా, చీకటిగా ఉంటుంది. కొలతలు తీసేవరకు ఆ గది ఇమ్మని అడిగాను. ఆయన ఫైలు మీంచి తలెత్తి నన్ను చూసి, చిన్నపిల్ల చందమామ కావాలన్నట్టు నవ్వారు.

"నీ లైట్ల బొమ్మకోసం నా ఆఫీసు ఖాళీ చెయ్యాలా? కస్టమర్లొస్తే వంటగదిలో కూర్చోబెట్టనా?"

"ఆదివారం కస్టమర్లు రారు కదండీ."

"ఆదివారమైనా నా గది నాకు ఉండాలి కదా. వంటగది నీదేగా, అక్కడ కాస్త సర్దుకో."

సర్దుకో. పెళ్ళయిన కొత్తలో మంచం ఇరుకంటే ఆ మాటే. ఉద్యోగం చేస్తానంటే ఆ మాటే. నేను ఇటు వెనక్కి తిరిగి వంటగదిలోకి వచ్చేశాను. సర్దుకుంటాను, కానీ ఈసారి ఇంటినే నాకు సర్దుతాను అనుకున్నాను.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఫ్రిజ్ ఆపేశాను. ఫ్యాన్లు ఆపేశాను. హాల్లోకి వచ్చి "కాసేపు ఎవరూ కదలొద్దు, కుర్చీలోంచి లేవొద్దు" అన్నాను. పాప అదేదో ఆట అనుకుని బిగుసుకుపోయి కూర్చుంది. అత్తయ్య "బట్టలు మడతపెట్టాలే" అంది. "తర్వాత మడతపెడదాం. మీరు ఊరికే కూర్చోండి." ఆవిడ సోఫా అంచున కూర్చుంది, ఎప్పుడు పిలుస్తారో అన్నట్టు. వంటగదిలో పిచ్చుక మెల్లగా మర తిప్పుతోంది, ఒక్కో చార దాటుతుంటే నేను లెక్కపెడుతున్నాను, ఎన్ని దాటితే అద్దం ఎంత జరిగిందో తెలుస్తుంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఇంతలో వీధిగది తలుపు తీసుకుని మా ఆయన మంచినీళ్ళకోసం వచ్చారు, దబదబా నడుచుకుంటూ. చారలన్నీ అల్లకల్లోలం.

"ఏంటిది, ఎవరైనా పోయారా, ఇలా కూర్చున్నారు?"

"కూర్చోరా" అంది అత్తయ్య.

"నీళ్ళు తాగాలమ్మా."

"కాసేపాగి తాగుదువు. కూర్చోమన్నప్పుడు కూర్చో."

ఆయన కూర్చున్నారు. నేను మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను. అంతా అయ్యి బయటికొస్తే అత్తయ్య ఇంకా అలాగే కూర్చునుంది. ఇప్పుడు అంచున కాదు, వెనక్కి వాలి, కాళ్ళు పైకి పెట్టుకుని. "అయిపోయింది, లేవచ్చత్తయ్యా" అన్నాను.

"అప్పుడేనా?" అంది ఆవిడ. కాస్త ఆగి, తనలో తను అనుకున్నట్టు, "ఈ ఇంటికి కోడలిగా వచ్చాక నన్ను ఊరికే కూర్చోమన్నవాళ్ళు ఎవరూ లేరు" అంది.

ఆవిణ్ణి నేను అంతవరకు సరిగ్గా చూడనేలేదనిపించింది.

మొదటి రివ్యూకి మేం ఫోటోలూ కొలతలూ పట్టుకెళ్ళాం. లీడరుకి రెండ్రోజుల ముందే అన్నీ చెప్పాం. వాడు అద్భుతంగా అందుకున్నాడు, "మేం గ్రానైట్ వాడాం సార్, మేం దారులు సమానం చేశాం సార్" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. సారు వాడి భుజం తట్టి "బాగా కట్టావయ్యా" అన్నారు. నా వైపు తిరిగి, "రిపోర్టు నీటుగా ఉందమ్మా. ఇంట్లో మీవారికి ఇబ్బందేం లేదు కదా?" అన్నారు. పిచ్చుక నా చెయ్యి గిల్లింది. మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాను. ఇంటికొస్తూ బస్సులో నన్ను నేనే నిలదీసుకున్నాను. మా ఆయన్నీ అత్తింటినీ అనుకుంటాను గానీ, ఈ లీడరు వయసు నా వయసులో సగం కంటే కాస్త ఎక్కువ, వీడి దగ్గర నేనెందుకు నోరు కుట్టుకున్నాను?

ఇంకో రెండ్రోజుల్లో వైవా అనగా ఇంటికొచ్చేసరికి హాలు నిండా చెప్పులు. మా ఆయన బీమా కంపెనీ వాళ్ళు నలుగురు, వాళ్ళ ఆడవాళ్ళు. ముందు చెప్పలేదు. వంటగదిలోకి వెళ్ళి చూద్దును కదా, వైవా కోసం అంతా అమర్చి ఉంచి వెళ్ళిన గట్టు ఖాళీ. నా రాయి పెరట్లో, గోడకి నిలబెట్టి ఉంది. అద్దం చెక్క ఒకటి ఊడి వేలాడుతోంది. ట్యూబు బకెట్లో. వారాల తరబడి ఒక్కొక్క మరా తిప్పి నిలబెట్టినదంతా పోయింది.

మా ఆయన వెనకే వచ్చారు. "గ్లాసులూ ప్లేట్లూ పెట్టడానికి చోటు లేదు, నేనే జాగ్రత్తగా బయట పెట్టించాను. రాయే కదా, మళ్ళీ పెట్టుకోవచ్చులే. త్వరగా టీ పెట్టు, అడుగుతున్నారు."

నేను అరుస్తానని ఆయన అనుకున్నారో, ఏడుస్తాననుకున్నారో తెలీదు. రెండూ చెయ్యలేదు. పిచ్చుకకి ఫోన్ చేసి రమ్మన్నాను. వీధిగదిలోకి వెళ్ళి ఆయన బల్ల మీద ఫైళ్ళు ఎత్తి, ఒక దొంతర తర్వాత ఒక దొంతర, తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. వచ్చినవాళ్ళు మాటలాపేసి చూస్తున్నారు. పిచ్చుక వచ్చాక ఇద్దరం రాయిని చెరో వైపు పట్టుకుని హాలు మధ్యలోంచి నడిచాం. "కాస్త కాళ్ళు తియ్యండి" అంటే అందరూ కాళ్ళు తీశారు.

"ఏం చేస్తున్నావు?" మా ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"పని."

"టీ..."

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. కప్పులు వెతుక్కుంటే దొరుకుతాయి. వైవా అయ్యేదాకా ఈ గదిలోకి ఎవరూ రావొద్దు."

తలుపు వేసుకుంటుంటే హాల్లోంచి అత్తయ్య గొంతు వినపడింది, "రెండో అరలో ఉంటాయిరా, చెయ్యి పెట్టి చూడు." ఆవిడ మాత్రం లేవలేదని అర్థమైంది.

ఆ రెండ్రోజులూ నేను ఆ గదిలోనే ఉన్నాను. పాప స్కూలునుంచి వచ్చి తలుపు సందులోంచి "అమ్మా, బతికే ఉన్నావా?" అని అడిగేది. మా ఆయన నాతో మాట్లాడలేదు. ఫోన్లో ఎవరికో "ఇంట్లో కాస్త రిపేర్లు జరుగుతున్నాయి" అని చెప్పడం విన్నాను. గట్టి నేల మీద చారలు ఎంత బాగా నిలబడ్డాయని! గీత గీసినట్టు నిలబడ్డాయి. చెయ్యి దగ్గరికి తెస్తే చాలు, అరచేతి వేడికి గాలి కదిలి అవి మెల్లగా వంగేవి, తీస్తే మళ్ళీ లేచి నిలబడేవి. కొలతలన్నీ కొత్తగా తీశాం. వంటగది కొలతల కంటే ఎన్నో రెట్లు నమ్మకంగా వచ్చాయి.

వైవా రోజు రాయిని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాం. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా దారిలో ఒక మర కదిలింది, గోడ మీద ఏ చారా లేదు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం చేతులు కట్టుకుని నిలబడ్డారు. లీడరు అప్పటికే మొదలుపెట్టేశాడు, "మేడం, మేం దీన్ని కట్టేటప్పుడు..." అంటూ. గైడు సారు నా పక్కకి వచ్చి మెల్లగా అన్నారు, "అబ్బాయి చెప్తూ ఉంటాడు, మీరు ఆ లోపు కాస్త సర్దెయ్యండమ్మా."

చెయ్యి మర దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"సర్దుతాను సార్. దానికి ముందు ఒక మాట. ఇది కట్టింది నేనూ ఈ అమ్మాయీ. అద్దాలు దాని ఆలోచన, దారులు సమానం చెయ్యడం నాది, కొలతలు ఇద్దరివీ. ఇతను చెప్పడం మాత్రమే నేర్చుకున్నాడు, అది కూడా మా దగ్గరే. ఇది మేడంగారికి తెలిశాకే నేను ముట్టుకుంటాను."

సారు మొహం ఎర్రబడింది. "ఇప్పుడు ఇవన్నీ ఎందుకమ్మా, టీం వర్కు కదా" అన్నారు. మేడం నన్ను చూశారు, పిచ్చుకని చూశారు. "దారులు సమానం కావాలని ఎలా తెలిసింది?" అని అడిగారు. చెప్పాను, గిన్నెలు తోముతుంటే తట్టిందని కూడా దాచకుండా చెప్పాను. "అద్దాలు ఎందుకు ముందు పూతవే కావాలి?" వెనక పూతైతే గాజు వల్ల రెండు చుక్కలు పడతాయని పిచ్చుక గొణక్కుండా, పైకి, చక్కగా చెప్పింది. అప్పుడు వంగి మర పట్టుకున్నాను. అటు, ఇటు, ఇంకొంచెం. చారలు వచ్చి నిలబడ్డాయి. మేడం తన అరచెయ్యి దగ్గరికి పెట్టి, అవి వంగుతుంటే చిన్నపిల్లలా నవ్వారు.

బయటికొచ్చాక లీడరు వరండాలో నిలబడి ఉన్నాడు. "ముందే చెప్పొచ్చుగా అక్కా, పరువు తీసేశారు" అన్నాడు.

"నువ్వు ముందే అడగొచ్చుగా" అన్నాను. వాడు తల దించుకున్నాడు. వాడి మీద నాకేం కోపం లేదు, వాడికి ఇలా చెప్పినవాళ్ళు ఇంతకుముందు లేరు, అంతే.

ఫలితాలొచ్చాయి. పిచ్చుకకీ నాకూ ప్రాజెక్టులో క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు. గైడు సారు అభినందనలు క్లాసంతటికీ కలిపి చెప్పి ఊరుకున్నారు. మేడం మాత్రం తన కాలేజీలో పిల్లలకి ఒకరోజు ఇది కట్టడం నేర్పుతారా అని మా ఇద్దర్నీ పిలిచారు. వెళ్తామని చెప్పాను, ఇంట్లో ఎవర్నీ అడక్కుండానే.

ఆ సాయంత్రం నేను బట్టలు తీసుకుని లోపలికి వస్తుంటే మా ఆయన హాల్లో ఫోన్లో మాట్లాడుతున్నారు, అవతల ఆయన కంపెనీ స్నేహితుడు. గొంతు నిండా గర్వం. "అవునోయ్, మా ఆవిడే. క్లాసులో ఫస్టు. మనం కూడా ఎంకరేజ్ చెయ్యాలి కదా. అంతెందుకు, దానికోసం నా ఆఫీసు గదే ఇచ్చేశాను!"

ఒకప్పుడైతే నవ్వి ఊరుకునేదాన్ని. పోన్లే, గొప్పగానే చెప్పుకుంటున్నారు కదా అనుకునేదాన్ని. బట్టలు కుర్చీలో పడేసి ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మీరు ఇవ్వలేదు. నేను తీసుకున్నాను" అన్నాను, ఫోన్లో అవతలి మనిషికి కూడా వినపడేలా.